డ్రిల్లర్స్ ఎందుకు ఓడుతున్నారు

5 నవంబర్ 1993, శుక్రవారం
దుఖాన్

పదమూడు, పద్నాలుగు. ఒక్క పాయింటు.

ఓడిపోవలసిన ఆట కాదు ఇది. మొదటి సగమంతా మన డ్రిల్లర్స్‌దే. దోహా టీము వాళ్ళకు ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత మన కోచ్ వాలెస్‌కు ఏమయిందో, బంతిని విసరడం మానేసి ఊరికే మధ్యలోంచి పరుగెత్తించడం మొదలుపెట్టాడు. ముందున్నాం కదా, జాగ్రత్తగా ఆడదామని. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఈ సంగతి అక్కడ కూర్చున్న నాకు అర్థమయింది, ముప్పై ఏళ్ళుగా ఆట నేర్పుతున్నానని చెప్పుకునే మనిషికి అర్థం కాలేదు.

జయంత్ తన్నిన రెండు కిక్కుల్లో ఒకటి పక్కకు పోయింది. సరిగ్గా ఆ ఒక్క పాయింటే. మొదటి ఆట కదా, పోనీ.

అమ్మకు ఉత్తరం రాస్తూ ఈ ఆట వివరించబోయి ఒక పేజీ పాడు చేశాను. పారేయబుద్ధి కాలేదు, ఇక్కడ అంటించాను:

"...ఇది మనం అనుకునే ఫుట్‌బాల్ కాదమ్మా. బంతి రెండు కొసలా కోసుగా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. అమెరికాలో అయితే ఒకరినొకరు కింద పడేస్తారట. ఇక్కడ చమురు కంపెనీ ఒప్పుకోదని నడుముకు రిబ్బన్లు కట్టుకుంటారు, అవతలివాడు రిబ్బను లాగితే ఆగిపోవాలి. బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. తర్వాత రెండు ఇనుప గొట్టాల మధ్యనుంచి తన్నితే ఇంకొకటి. గీత దాకా చేరలేకపోతే దూరం నుంచే తన్నవచ్చు, దానికి మూడు. ఆ తన్నడమే మీ అల్లుడి పని. ఒకాయన మోకాలి మీద కూర్చుని బంతిని నిలబెట్టి వేలితో పట్టుకుంటాడు, ఈయన పరుగున వచ్చి తంతారు. ఆట మొత్తంలో ఈయన మైదానంలో ఉండేది రెండు నిమిషాలు కూడా కాదు. కానీ ఆ రెండు నిమిషాలూ అందరూ ఈయన్నే చూస్తారు..."

అమ్మకు మామూలు ఉత్తరమే రాశాను. పాప అక్షర స్కూలు, వాతావరణం.

12 నవంబర్

గెలిచాం. గాలి ఎక్కువగా ఉందని వాలెస్ ఒక్క కిక్కు కూడా వేయించలేదు.

19 నవంబర్

మళ్ళీ దోహా వాళ్ళే. పద్నాలుగు, పదిహేడు. జయంత్ రెండు చిన్న కిక్కులు వేశారు. పెద్దవి, మూడేసి పాయింట్లవి, రెండూ పోయాయి. ఒక్కటి పడినా సమమయ్యేది, రెండూ పడితే గెలిచేవాళ్ళం.

ఈ రోజు నేను కావాలనే గొట్టాల దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. క్యారొల్ అక్కడే స్టాండు మీద వీడియో కెమెరా పెట్టుకుని ఉంది. నాకు ఈ ఆట నేర్పింది తనే. పోయినేడాది ఏమీ అర్థం కాక కూర్చుంటే పక్కన కుర్చీ వేసుకుని, కాగితం మీద గీతలు గీసి చెప్పింది. తన భర్త రస్సెల్ జయంత్‌కు సెక్షన్ సూపర్‌వైజర్. పిక్నిక్‌లో జయంత్ బంతి తన్నడం చూసి టీములోకి లాక్కొచ్చింది ఆయనే. ఆటలో బంతిని నిలబెట్టి పట్టుకునేదీ ఆయనే.

నాకు కనిపించింది. రస్సెల్ బంతిని నిటారుగా పెట్టడం లేదు. కాస్త తనవైపు వాల్చి పెడుతున్నాడు. వాలిన బంతిని ఎవరు తన్నినా కుడికే పోతుంది. రెండూ కుడికే పోయాయి.

కారులో వస్తూ జయంత్‌కు చెప్పాను. జిక్రీత్ మలుపు దాటాక, "అట్లనే ఉండొచ్చు" అన్నారు.

అంటే ఆయనకూ తెలుసన్న మాట. పైకి అనలేకపోతున్నారు.

27 నవంబర్

నిన్నటి ఆటలో మూడింటికి ఒకటి.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఎందుకూ పనికిరాకుండా పోయిందనుకున్నాను. ఈ రోజు అక్షర స్కూలుకు వెళ్ళాక పాత నోటుపుస్తకం తీసి పట్టిక గీశాను. మొత్తం తొమ్మిది కిక్కులు, నాలుగు పడ్డాయి, అయిదు పోయాయి. పోయిన అయిదింటిలో మూడుసార్లు బంతి వాలి ఉండటం నేను కళ్ళారా చూశాను. మిగిలిన రెండూ నవంబర్ అయిదునాటిది ఒకటి, నిన్నటిది ఒకటి. అప్పుడు దూరంగా ఉన్నాను కానీ అలాగే ఉండి ఉండాలి. పడిన నాలుగింటిలో బంతి ఎలా ఉందో గమనించలేదు. పడ్డాయంటే సరిగ్గానే పెట్టి ఉంటాడు.

గీతలు స్కేలు పెట్టి గీశాను. కాకినాడ కాలేజీలో పిల్లలకు బోర్డు మీద గీసేటప్పటిలాగా. పెళ్ళయ్యాక ఇలా కూర్చుని పట్టిక గీయడం ఇదే మొదటిసారి.

3 డిసెంబర్

గొడవ.

వాలెస్‌తో చెప్పమన్నాను. చెప్పనన్నారు. జనవరిలో ఏడాది రిపోర్టు రాసేది రస్సెలేనని, ఆటల కోసం ఆఫీసులో తలనొప్పి తెచ్చుకోలేనని అన్నారు. ఆటల కోసం కాదు, మీ పేరు కోసమన్నాను. క్లబ్బులో నిన్న ఎవరో "జయంత్ వైడ్" అని పిలిచారు, బంతి పక్కకే తంతారని, నవ్వుతూనే. ఈయన కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇడిసెయ్ శకుంతలా" అన్నారు.

నేను వదలను.

10 డిసెంబర్

మదీనత్ అల్ షమాల్ దగ్గర సైటులో పనిచేసేవాళ్ళు ఈ ఏడే కొత్తగా టీము పెట్టారు. వాళ్ళ మైదానంలోనే ఆట. బస్సులో రెండు గంటలు. అక్షర దారి పొడుగునా వాంతులు. మైదానమంటే చదును చేసిన ఇసుక, అంతే.

గెలిచాం. జయంత్ రెండూ కొట్టారు. రెండోది చాలా దూరం నుంచి.

ఈ రోజు రస్సెల్ బంతి సరిగ్గా పెట్టాడు. పెట్టగలడు, కావాలనుకుంటే.

15 డిసెంబర్

క్లబ్బు నెలవారీ బులెటిన్‌లో చివరి పేజీ సభ్యుల ఉత్తరాలకు. ఈత కొలను నీళ్ళు చల్లగా ఉన్నాయని, లైబ్రరీలో పుస్తకాలు తిరిగి ఇవ్వడం లేదని రాస్తుంటారు. నేను రాశాను. ఇంగ్లీషులో, ఒకటిన్నర పేజీ. "డ్రిల్లర్స్ ఎందుకు ఓడుతున్నారు: ఒక అభిమాని అంచనా." వాలెస్ జాగ్రత్త గురించి ఒక పేరా. వెనక వరుస నెమ్మది గురించి ఒకటి. మిగిలినదంతా కిక్కుల గురించి, పట్టికతో సహా. ఎవరి పేరూ రాయలేదు. "బంతిని పట్టుకునేవారు" అని మాత్రమే రాశాను. కింద ఎస్.జె. అని పెట్టాను.

క్లబ్బు ఆఫీసు టైపురైటర్ మీద నేనే టైపు చేసుకున్నాను. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఎలా గడిచాయో తెలియలేదు.

జయంత్‌కు చూపించాను. నిలబడే చదివారు, రెండుసార్లు. "మంచిగ రాసినవ్" అని ఇచ్చేశారు. అదే ఒప్పుకోలు అనుకున్నాను.

1 జనవరి 1994

బులెటిన్ వచ్చింది. అచ్చులో పట్టిక చక్కగా కుదిరింది.

3 జనవరి

క్యారొల్ కో-ఆపరేటివ్‌లో కనిపించింది. పాల డబ్బాల వరుసలో. నాకు ఎదురుగా వస్తూనే బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

చూసి ఉండదు.

4 జనవరి

చూసింది.

7 జనవరి, శుక్రవారం

ఆటకు ముందే తెలిసింది, రస్సెల్ బంతి పట్టుకునే పని తనంతట తనే వదిలేశాడట. వాలెస్ వద్దన్నా వినలేదట. ఆయన చోట కెనడా కుర్రాడు, కొత్తగా ల్యాబుకు వచ్చినవాడు.

జయంత్ మొదటి కిక్కు నేరుగా గొట్టాల మధ్యనుంచి పోయింది. నేను లేచి నిలబడ్డాను. చుట్టుపక్కల అందరూ నన్ను చూశారు. చూడనీ అనుకున్నాను.

తర్వాతవి రెండూ కుడికి పోయాయి. కొత్తవాడికి ఇంకా చెయ్యి కుదరలేదు. అయినా గెలిచాం.

క్యారొల్ కుర్చీ ఖాళీగా ఉంది. రస్సెల్ అవతలి గీత దగ్గర ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

9 జనవరి

మైదానం చూసుకునే తిరుమల్ జగిత్యాలవైపు మనిషి. సున్నం గీతలు వేసేది, గడ్డికి నీళ్ళు పట్టేది, అటూ ఇటూ పోయిన బంతులు ఏరి తెచ్చేది అతనే. అక్షరను ఉయ్యాలల దగ్గరకు తీసుకెళ్తే పలకరించాడు. సాయంత్రం పూట సారు ఒక్కరే వచ్చి ప్రాక్టీసు చేస్తున్నారని, తనే బంతి పట్టుకుంటున్నానని చెప్పాడు. నాకు తెలియదు. క్యారమ్స్‌కు వెళ్తున్నానని చెప్పేవారు.

నేనేమీ అడగలేదు. అతనే అన్నాడు: "సారు కాలు తాకకముందే తల లేపుతుండు మేడమ్. బంతి ఎటు పోతదో సూద్దామని. గందుకే పక్కకు పోతున్నది. నేను చెప్తె బాగుండదు, మీరు చెప్పున్రి."

అతనికి ఈ ఆట గురించి ఏం తెలుసు? థాంక్స్ చెప్పి వచ్చేశాను. కాస్త విసురుగా చెప్పానేమో.

11 జనవరి, మంగళవారం

మధ్యాహ్నం క్యారొల్ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఒక వీడియో క్యాసెట్ ఇచ్చింది. పైన చీటీ మీద "19 నవంబర్" అని ఉంది. చూడు, నాతో ఏమీ చెప్పనక్కరలేదు అని వెళ్ళిపోయింది.

అమెరికా క్యాసెట్లు వేరే పద్ధతివి. మన వీసీఆర్‌లో ఆడవు.

15 జనవరి

జయంత్ ఏడాది రిపోర్టు వచ్చింది. రస్సెల్ చాలా బాగా రాశాడు. సీనియర్ గ్రేడుకు సిఫారసు కూడా చేశాడు.

తప్పు చేసినవాడు భయపడ్డాడు, అంతే. ఈ మాట జయంత్‌తో అంటే లేచి బయటికి వెళ్ళిపోయారు.

18 జనవరి

క్యాసెట్ టీవీ మీదే ఉంది. దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆడదు కదా, తిరిగి ఇచ్చేయాలి.

21 జనవరి, శుక్రవారం

అయిపోయింది. సెమీఫైనల్. పద్నాలుగు, పదహారు.

ఆఖరి పన్నెండు సెకన్లలో దగ్గరి కిక్కు. ఇరవై గజాలు. కళ్ళు మూసుకుని తన్నినా పడాలి. కెనడా కుర్రాడు బంతి పెట్టాడు. నేను సరిగ్గా చివరి గీత మీద, గొట్టానికి రెండడుగుల దూరంలో ఉన్నాను. కుడికి పోయింది.

జయంత్ అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. రస్సెల్ వచ్చి చెయ్యి అందించి లేపాడు.

ఆ కుర్రాడు బంతిని ఎలా పెట్టాడో రాయాలని ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను.

22 జనవరి, శనివారం

జయంత్ డ్యూటీ నుంచి నాలుగింటికి వచ్చారు. టీ తాగుతూ టీవీ మీది క్యాసెట్ చూసి, ఇది చూశావా అని అడిగారు. మన వీసీఆర్‌లో ఆడదన్నాను.

"మల్టీసిస్టమ్ అని అడిగి మరీ కొన్నవ్ గద" అన్నారు.

కొన్నది నేనే. ఏ దేశం క్యాసెట్టయినా ఆడేది కావాలని, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర షాపులో, మూడు షాపులు తిరిగి.

అక్షరను పక్కింటికి పంపి ఇద్దరం కూర్చున్నాం. క్యారొల్ గొట్టాల వెనకనుంచి తీసింది. నేను నిలబడిన చోటికి నాలుగడుగుల దూరం కూడా లేదు. మొదటి పెద్ద కిక్కు. రస్సెల్ మోకాలి మీద కూర్చుని బంతి పెట్టాడు. ఆపాను. బొమ్మ మీద గీతలు వచ్చాయి. వాటి మధ్యనే బంతి నిటారుగా ఉంది. పైన ఒక్క వేలు, కదలకుండా. కొంచెం ముందుకు జరిపాను. జయంత్ కాలు ఇంకా వెనకే ఉంది, తల మాత్రం అప్పటికే పైకి లేచి గొట్టాలవైపు చూస్తోంది.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. రెండో కిక్కు. అదే. మళ్ళీ మొదటిది. నాలుగుసార్లు.

"ఇంక తిప్పకు" అన్నారు జయంత్. "నాకు ఎరుకే."

"ఎప్పటి నుంచి?"

"మొదటి ఆట నుంచి. తన్నినోనికి కాలు తగలంగనే తెలుస్తది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

టీవీ కట్టేసి గ్లాసు చేతుల్లో తిప్పుతూ అన్నారు: "టీమంత నన్నే చూస్తుండిరి. నువ్వొక్కదానివే రస్సెల్‌ను చూసినవ్. ఇంటికొస్తె ఒక్క మనిషన్న నా తప్పు గాదంటున్నది గదా అని ఊకున్న."

ఉత్తరం అచ్చుకు ఇచ్చేటప్పుడైనా ఆపవలసింది కదా అన్నాను. గొంతు పెరిగింది.

"ఆపుదామనే రెండుసార్లు చదివిన. కానీ దుఖాన్‌కొచ్చినంక నువ్వట్ల కూసొని ఇష్టంగ ఒక పని చేసుడు నేను చూడలే. నోరు రాలే."

నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పట్టిక నేను గీసిందే. పడిన కిక్కుల్లో బంతి ఎలా ఉందో చూడకుండా, పోయినవాటి మీద మాత్రమే తీర్పు చెప్పింది నేనే. మొదటి ఏడాది పిల్లలు అలా రాస్తే సున్నా వేసేదాన్ని.

ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

24 జనవరి

క్యాసెట్ పట్టుకుని క్యారొల్ ఇంటికి వెళ్ళాను. జయంత్ తనూ వస్తానన్నారు. వద్దన్నాను, ఇది నేను చేసిన పని.

ఈసారి నన్ను కూర్చోబెట్టింది. చూశాను, నేను రాసింది తప్పు అన్నాను. అనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి, ఇంగ్లీషులో ఒక్కటీ రాలేదు.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. బులెటిన్ వచ్చిన రోజున రస్సెల్ నా ఉత్తరం చదివి, శకుంతలకు లెక్కలు తెలుసు, ఊరికే రాయదు అన్నాడట. ఆ వారమంతా సాయంత్రాలు ఈ గదిలోనే, ఈ తివాచీ మీదే మోకాలేసి కూర్చుని బంతి పట్టుకుని, వాలుతోందా చూడు, ఇప్పుడు చూడు అని క్యారొల్‌ను అడిగేవాడట. ఆయన ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. క్యారొల్ టేపు పెట్టి, నీ తప్పేమీ లేదని చూపించినా నమ్మలేదట. కెమెరాకు కనపడనిది శకుంతలకు కనపడి ఉంటుందన్నాడట. అందుకే తప్పుకున్నాడు.

నేను తివాచీవైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో రస్సెల్ డ్యూటీ నుంచి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఒక్కటే అడిగాడు. నిజంగా వాలడం నువ్వు చూశావా అని.

"చూడలేదు" అన్నాను. "చూశాననుకున్నాను."

తల ఊపాడు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కునే చప్పుడు వినిపించింది. చాలాసేపు కడుక్కున్నాడు.

క్యారొల్ గుమ్మం దాకా వచ్చింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

26 జనవరి

బులెటిన్‌కు రెండో ఉత్తరం. నాలుగే వాక్యాలు. డిసెంబరులో నేను రాసిన అంచనా తప్పు. బంతిని పట్టుకున్న రస్సెల్ గారి వల్ల ఒక్క కిక్కు కూడా పోలేదు. వీడియో చూసి ఈ మాట చెప్తున్నాను. ఆయనకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈసారి పూర్తి పేరు పెట్టాను. జయంత్ చదివి, పెన్ను తీసుకుని కింద ఇంకో వాక్యం కలిపారు. కిక్కులు పోయింది తన వల్లేనని, ఆ సంగతి తనకు మొదటినుంచీ తెలుసునని. ఆయన పేరూ పెట్టారు.

ఇలా రాస్తే ఆఫీసులో అందరూ చదువుతారన్నాను. చదవనీ అన్నారు.

29 జనవరి

బులెటిన్ రావడానికి ఇంకా మూడు రోజులు పడుతుందని జయంత్ ఈ రోజే వాలెస్ దగ్గరకు వెళ్ళి చెప్పేశారట. మూడో స్థానం ఆటకు ఇంకో తన్నేవాడు ఎవడున్నాడు, నువ్వే తన్నాలి అన్నాడట వాలెస్. రస్సెల్ అక్కడే ఉండి, అయితే బంతి నేనే పట్టుకుంటాను అన్నాడట.

రాత్రి కాకుండానే నిద్ర వచ్చింది. చాలా రోజుల తర్వాత.

4 ఫిబ్రవరి, శుక్రవారం

మూడో స్థానం కోసం ఆట. ఇరవై, ఇరవై ఒకటి. మళ్ళీ ఒక్క పాయింటు.

వాలెస్ ఈ రోజు కూడా మూడో భాగంలో అదే జాగ్రత్త మొదలుపెట్టాడు. మధ్యలోంచి నాలుగుసార్లు పరుగెత్తించాడు, నాలుగుసార్లూ ఆగిపోయారు. వెనక వరుసకు పరుగే లేదు. కుడివైపు ఆడిన ఆ పొడుగాయన రెండు బంతులు చేతిలోకి వచ్చినవి జారవిడిచాడు. ఈ టీమును చూస్తుంటే ఒక్కోసారి కుర్చీ మడిచి ఇంటికి పోవాలనిపిస్తుంది.

జయంత్ మొదటి రెండు కిక్కులూ పడ్డాయి. ఆఖరిది పడితే సమం. రస్సెల్ బంతి పెట్టాడు. నేను ఎప్పటి కుర్చీలోనే కూర్చుని చూశాను. కుడికి పోయింది, గొట్టానికి జానెడు దూరంలో.

క్యారొల్ నాకు నాలుగు కుర్చీల అవతల ఉంది. ఇటు చూడలేదు. కానీ బంతి పక్కకు పోగానే ఇద్దరం ఒకేసారి తల పట్టుకున్నాం. వెళ్ళేటప్పుడు అక్షర చేతిలో ఒక నారింజ పెట్టి వెళ్ళింది.

కారు దాకా నడుస్తుంటే జయంత్ బూట్ల నిండా సున్నం. నావైపు చూడకుండానే అడిగారు: "ఇయ్యాల తప్పెవరిది?"

"మీదే" అన్నాను.

ఆగి నన్ను చూశారు. నవ్వారు. ఈ సీజన్ మొత్తంలో ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం ఇప్పుడే చూశాను. నాకూ నవ్వొచ్చింది. అక్షరకు ఏమీ అర్థం కాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

అయినా గెలిచి ఉంటే బాగుండేది.